ఏం కొనొద్దో చెప్పించుకోడానికి నాలుగు లక్షలు ఇచ్చాను

మేం పెట్టుకున్న సలహా టీమ్‌కి నేనేసే మార్కులు ఐదుకి మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది విజయవాడ ఆటోనగర్. లారీలు, ట్రాక్టర్లు, పాత వ్యాన్ల విడిభాగాల హోల్‌సేల్. మా నాన్నగారు 1974లో రేకుల షెడ్డులో మొదలుపెట్టారు, ఇప్పుడు ఆటోనగర్‌లో కౌంటరు, సింగ్‌నగర్ వైపు గోడౌను ఉన్నాయి. మనుషులం పధ్నాలుగు మందిమి. మా వ్యాపారాన్ని కొత్త పద్ధతుల్లోకి మార్చుకోడానికి హైదరాబాద్ నుంచి ఒక సలహా టీమ్‌ని పెట్టుకున్నాం. ‘టెక్నాలజీ అడ్వయిజరీ’ అని ఉంటుంది వాళ్ళ కార్డు మీద. కంపెనీ పేరు రాయడం లేదు. పొగడాల్సినవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి, పేరు పెడితే రెండూ మొహమాటంతో రాయాల్సొస్తుంది.

ముందు మా రోగం సంగతి. 1996లో గవర్నరుపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒక కుర్రాడు ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో మాకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాడు. నీలం తెర, తెల్ల అక్షరాలు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద కరకరమంటూ వచ్చే బిల్లు. 2000 సంవత్సరం తేదీల గొడవకి ఒకసారి, 2005 ఏప్రిల్‌లో వ్యాట్‌కి ఒకసారి, 2017 జులైలో జీఎస్టీకి ఒకసారి అతనే వచ్చి అతుకులు వేసి వెళ్ళాడు. తర్వాత అతను మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాడు, ప్రోగ్రాం మా దగ్గర స్థిరపడింది. అది విండోస్‌కి ముందు తరం డాస్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్ మీద నడవదు. అందుకని విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్టు ఆగిపోయాక కూడా, ఆ పాత మెషీన్ని ముసలి ఎద్దుని మేపినట్టు మేపుకుంటూ వచ్చాం.

2022 అక్టోబర్ 1 నుంచి పది కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళకి ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయడం, తప్పనిసరి అయింది. మేం దాటినవాళ్ళమే. అప్పట్నుంచి ఒకే బిల్లు నీలం తెరలో ఒకసారి, ప్రభుత్వ పోర్టల్లో ఒకసారి, ఆడిటర్ గారి కోసం ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి. మూడుసార్లు కొట్టడానికి ఇద్దరు మనుషులు, మూడింట్లో ఏది తప్పో వెతకడానికి నేను.

అలాగే ఇంకో పదేళ్ళు లాగించేసేవాణ్ణేమో. 2024 సెప్టెంబర్ 1 వచ్చింది. ఆదివారం. ఊరంతా కృష్ణ వైపే చూస్తోంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి వెళ్ళింది, అంత నీళ్ళు ఆ బ్యారేజీ ఎప్పుడూ చూడలేదు. మా సింగ్‌నగర్‌కి నీళ్ళొచ్చింది మాత్రం కృష్ణ నుంచి కాదు, వెనకనున్న బుడమేరు నుంచి. పాత మెషీన్ గోడౌన్ ఆఫీసు గదిలో టేబుల్ కింద, నేల మీద ఉండేది. నేను వెళ్ళగలిగేసరికి ఐదో రోజు. పడవలో వెళ్ళాను. బేరింగులు, గేర్లు కడిగి, ఆరబెట్టి, నూనె పూసి కొన్ని బతికించుకున్నాం. హార్డ్ డిస్క్‌కి నూనె పూస్తే బతకదు కదా.

బ్యాకప్ ఉంది. మా పెద్ద గుమాస్తా చొక్కా జేబులో, పెన్ డ్రైవ్‌లో. తేదీ ఆగస్టు 21. ఆ తర్వాతి పదకొండు రోజుల జీఎస్టీ బిల్లులు పోర్టల్ నుంచి తెచ్చుకున్నాం, అందులో ఉన్నవి ఉన్నట్టు దొరికాయి. నగదు బిల్లుల కార్బన్ కాపీలు గుజ్జయిపోయాయి. అరువు బాకీలు మాత్రం ఆ పెద్ద గుమాస్తా దగ్గరున్న ఎర్రట్ట నోటుబుక్కులోంచి, ఆయన జ్ఞాపకంలోంచి తీశాం. ఈయన మా నాన్న హయాంలో 1979లో చేరిన మనిషి, నేను బాబాయ్ అంటాను. ఎవరు ఎంత బాకీయో ఆయన చెబితే ఒక్క పార్టీ కూడా కాదనలేదు, ఒకాయన తప్ప. ఆ ఒకాయన ఎప్పుడూ కాదంటాడు.

వరద తగ్గగానే అమ్మేవాళ్ళు దిగారు. ఒకాయన లెక్కలు, స్టాకు, అమ్మకాలు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌కి 38 లక్షల కొటేషన్ పెట్టాడు. ఇంకొకాయన ఆరు లక్షల సర్వరు, దానికి ఏసీ గది కావాలన్నాడు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఫోన్లో "నాన్నా, అంతా క్లౌడ్‌లో పెట్టేయ్" అన్నాడు, ఏమిటా అంతా అనడిగితే మీటింగుందని పెట్టేశాడు. మా బావమరిది తన స్నేహితుడి సాఫ్ట్‌వేర్ ‘ఊరికే’ ఇప్పిస్తానన్నాడు. ఆడిటర్ గారు మాత్రం, "ఏదీ కొనకండి, ముందు ఏం కొనాలో చెప్పేవాళ్ళని పెట్టుకోండి" అని ఈ టీమ్ నంబరిచ్చారు.

సలహాకి డబ్బులా! ఆటోనగర్‌లో మెకానిక్ సలహా ఊరికే చెప్తాడు, సామానుకే డబ్బు తీసుకుంటాడు. ఇక్కడ వాళ్ళేమో మేం ఏ సామానూ అమ్మం, సలహాకే ఫీజన్నారు. మొదటి దశ ఆరు వారాలు, నాలుగు లక్షలు, మీద 18 శాతం జీఎస్టీ. నేను మొహం చిట్లిస్తే టీమ్ లీడ్‌గా వచ్చినావిడ కాంట్రాక్టులో ఐదో పేజీ తీసి చూపించింది. మాకు సిఫారసు చేసిన ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచీ, హార్డ్‌వేర్ షాపు నుంచీ కమీషన్ తీసుకోమని, తీసుకున్నట్టు తేలితే ఫీజు మొత్తం వాపసిస్తామని రాసుంది. "మెకానిక్ సలహా ఊరికే ఎందుకు చెప్తాడు సార్? సామాను మీద మిగుల్చుకుంటాడు కాబట్టి" అంది. మా వ్యాపారంలోని మాటే మాకు తిప్పి కొట్టింది. సంతకం పెట్టాను.

నలుగురు వచ్చారు. ఈవిడ, డేటా చూసే అతను, నెట్‌వర్కు భద్రత చూసే అతను, కాలేజీ నుంచి కొత్తగా దిగిన కుర్రాడు ఒకడు. ఆవిడకి నలభై దాటి ఉంటాయి, మాట తెనాలి వైపుది. మొదటి రోజు కాన్ఫరెన్స్ రూమ్ ఎక్కడని కుర్రాడు అడిగాడు. మా దగ్గర కాన్ఫరెన్స్ రూమంటే టీ గ్లాసులు పెట్టుకునే బల్ల. ఆవిడ కౌంటర్ వెనక బాబాయ్ పక్కన ఉన్న ఇనప స్టూలు లాక్కుని కూర్చుంది. నాలుగు రోజులు అక్కడే. మీకేం కావాలి, మీ సమస్యలేంటి అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఫోన్లు వింది.

రెండో రోజు మధ్యాహ్నం సంగతి చెప్తాను, నా ఎదురుగా జరిగింది. నూజివీడు వైపు నుంచి ఒక మెకానిక్ ఫోన్ చేశాడు. "బాబాయ్, 1613కి ఎనక చక్రం బేరింగు, లోపల్ది, మొన్న మా తమ్ముడు తీసుకెళ్ళాడే, అదే." 1613 అంటే ఒక లారీ మోడల్. బాబాయ్ ఊఁ అని ఫోన్ పెట్టేసి, మా కొట్టు కుర్రాడికి ర్యాక్ నంబరు చెప్పి, చీటీ మీద ఐదంకెల బేరింగు నంబరు రాశాడు. ఇరవై సెకన్లు పట్టింది. ఆవిడ కంప్యూటర్లో ఆ సామాను వెతకమంది. మా రెండో గుమాస్తా వెతికాడు. ఒక పేరుతో నిల్వ 4, ఇంకో పేరుతో నిల్వ మైనస్ 9, మూడో పేరుతో 31. ర్యాకులో లెక్కపెడితే 26 ఉన్నాయి. నాలుగూ ముప్పై ఒకటీ ముప్పై ఐదు, తొమ్మిది తీసేస్తే ఇరవై ఆరు. లెక్క తప్పలేదు, ఒకే సామానుకి మూడు పేర్లు పడ్డాయి, అంతే. ఫాక్స్‌ప్రో ఫైల్లో ఎవడికి తోచిన పేరు వాడు కొట్టుకుంటూ పోయాడు ఇరవై ఎనిమిదేళ్ళు.

అప్పుడు వాళ్ళ కొత్త కుర్రాడు లాప్‌టాప్ తిప్పి, "అన్నిటికీ బార్‌కోడ్ అంటించేద్దాం, మెకానిక్కులకి యాప్ ఇద్దాం" అన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ మెకానిక్ యాప్‌లో ఏమని వెతుకుతాడు? ‘మొన్న మా తమ్ముడు తీసుకెళ్ళింది’ అని కొడతాడా? ముందు బాబాయ్ గారి మాట నేర్చుకో" అంది. అతన్ని రెండు వారాలు బాబాయ్‌కి అప్పజెప్పింది. అతని పని, జనం ఏ సామాన్ని ఏమని పిలుస్తారో రాసుకోవడం. కంపెనీ కేటలాగ్ పేరు వేరు, ఆటోనగర్ పేరు వేరు, పల్లెల్లో పేరు ఇంకోటి. ఇప్పుడు మా ఐటమ్ లిస్టులో ప్రతి సామానుకీ కింద ‘పిలుపు పేరు’ అని ఉంటుంది. కొన్నిటికి నాలుగున్నాయి. కొత్త సాఫ్ట్‌వేరేం కాదిది, ట్యాలీలో ఐటమ్‌కి మారుపేరు పెట్టుకునే వీలు ఎప్పట్నుంచో ఉంది. మాకు తెలీదంతే. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క గడే.

పేర్లు కలిపేసరికి 11,400 ఐటమ్‌లు 7,860 అయ్యాయి. ఏ పేరు ఉండాలి, ఏది పోవాలి అన్న ఆఖరి మాట బాబాయ్‌ది. ఆవిడ కాగితం మీద అలాగే రాయించింది, ఆయన చేత సంతకం పెట్టించింది. అరవై ఏడేళ్ళ మనిషిని, ఉద్యోగం పోతుందేమోనని మూడు వారాల నుంచి అన్నం సరిగా తినని మనిషిని, పని మొత్తానికి పెద్దని చేసి కూర్చోబెట్టింది. ఆయన ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నా దగ్గరకొచ్చి, "అబ్బాయి గారూ, కళ్ళజోడు మార్పించుకోవాలి, అడ్వాన్సేమన్నా ఇస్తారా" అన్నాడు.

ఆ లెక్కల్లోనే ఇంకోటి బయటపడింది. అంబాసిడర్ సామాన్లు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మా పై అటక మీద దాని సస్పెన్షన్ సామాన్లు, మటాడోర్ వ్యాన్ల గేరు సామాన్లు, ఇంకా ఏవేవో కలిపి పధ్నాలుగు లక్షల సరుకు మూలుగుతోంది. కొన్నిటిని కోల్‌కతాలో పాత కార్ల సామాన్ల వ్యాపారి ఒకాయన తీసుకున్నాడు, మిగతాది పాతినుముకి వేశాం. ఐదు లక్షల పైచిలుకు చేతికొచ్చింది. సలహా ఫీజు అక్కడికి పూడింది. ఇది వాళ్ళ రిపోర్టులో ఒక్క లైను. మిగతా అరవై నాలుగు స్లైడ్లలో ‘మీ డిజిటల్ పరిణతి 5కి 1.8’ అని బాణాలు, వలయాలు. నాన్నగారు బతికుంటే ఆ 1.8 ఎవడేశాడ్రా అని అడిగేవారు. నేనూ అడిగాను. ఆవిడ నవ్వి, "అది మా ఆఫీసు కోసం సార్, మీకు ఈ కాగితం చాలు" అని రెండు పేజీలు చేతిలో పెట్టింది.

ఆ రెండు పేజీల్లో మొదటిది కొనొద్దనేవి. సర్వరు వద్దు. 38 లక్షల ఈఆర్‌పీ వద్దు, మీ సైజుకి ట్యాలీప్రైమ్‌లోనే స్టాకు, బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ మూడూ ఒకచోట నడుస్తాయి, మూడుసార్లు కొట్టక్కర్లేదు. మెకానిక్కుల యాప్ వద్దు. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు వద్దు. ఈ చివరిది నాకు ఎక్కలేదు, ఎందుకంటే ఆరో తరం ప్రాసెసర్ మెషీన్లు ఒక్కోటి పదకొండు వేలకి బేరమాడి పెట్టుకున్నాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోతుంది, ఈ ప్రాసెసర్లు విండోస్ 11కి పనికిరావు, పది నెలల్లో మళ్ళీ విండోస్ 7 కథే మొదలవుతుంది అంది. అడ్వాన్సు మూడు వేలు పోగొట్టుకుని వెనక్కి తగ్గాను.

రెండో పేజీలో కొనాల్సినవి. కొత్త మెషీన్లు నాలుగు, వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు రెండు, గోడౌన్లో అన్నీ నేలకి ఐదడుగుల ఎత్తున గోడ అరల మీద. బ్యాకప్ మూడు కాపీలు, రెండు రకాల చోట, ఒకటి ఊరి బయట. ఊరి బయటది క్లౌడ్‌లో అంటే బాబాయ్ నమ్మలేదు. "కొండపల్లి కొండ మీద పెట్టండమ్మా, అక్కడికి బుడమేరు రాదు" అన్నాడు.

బ్యాకప్ ఉంటే సరిపోదని మాకు తెలిసొచ్చేలా ఒక పని చేసింది. 2025 మార్చిలో ఒక శనివారం పొద్దున పదకొండింటికి, కౌంటర్ దగ్గర ఆరుగురు పార్టీలుండగా, మెయిన్ మెషీన్ వైరు పీకేసింది. "సార్, ఇది మునిగిపోయింది. పక్క లాప్‌టాప్ మీద కొట్టు తెరవండి" అంది. నాకు బీపీ లేచింది. బ్యాకప్ ఫైలు ఉంది, దాని పాస్‌వర్డ్ కాగితం మా ఇంట్లో బీరువాలో ఉంది, బీరువా తాళం మా ఆవిడ దగ్గరుంది, మా ఆవిడ గుణదలలో చెల్లెలింట్లో ఉంది. మొదటి బిల్లు రావడానికి మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ టీమ్ లీడ్ పార్టీలకి తనే టీ తెప్పించి చేతి బిల్లులు రాసింది. ఇప్పుడు ప్రతి నెల మొదటి శనివారం ఈ తంతు చేస్తాం. ఈ మధ్య 25 నిమిషాల్లో అవుతోంది.

ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్కలు. దానికి ముందు సరుకంతా లెక్కపెట్టాలి. ఉగాది మార్చి 30, ఆదివారం. పండగ పూట ఎవరొస్తారని నేను తల పట్టుకుంటే మర్నాడు రంజాన్ అని గుర్తు చేసింది బాబాయే. ఆటోనగర్లో సగం మెకానిక్కులు సాయిబులే, ఆ రోజు కౌంటర్ దగ్గర ఈగలు తోలుకోవాలి. 31న పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా లెక్కపెట్టాం. నలుగురు సలహాదారులూ గ్రీజు చేతులతో మాతోపాటు ర్యాకులెక్కారు. మధ్యలో మా పక్క షెడ్డు లేత్ మిషన్ ఖాదర్ భాయ్ ఇంటి నుంచి సేమ్యా వచ్చింది. నెట్‌వర్కు కుర్రాడు రెండు గిన్నెలు తిన్నాడు.

ఓటీపీ సంగతి కూడా చెప్పాలి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి కావాల్సిన పత్రం) పోర్టల్లో లాగిన్‌కి ఓటీపీ తప్పనిసరి చేశారు, మా టర్నోవర్ వాళ్ళకి అది 2025 ఫిబ్రవరి నుంచి. ఓటీపీ వచ్చేది నా నంబరుకే. ఆ నెలలో తిరుమల వెళ్ళాను. క్యూలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కదా, కౌంటర్లో ఇచ్చేశాం. దర్శనం అయ్యి బయటికొచ్చేసరికి ఏడు గంటలు పట్టింది. ఫోన్ తెరిస్తే 43 మిస్డ్ కాల్స్. మూడు లోడ్ల సరుకు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఆగిపోయింది, ఈ-వే బిల్లు లేకుండా యాభై వేలు దాటిన సరుకు కదలదు మరి. ఆవిడ మర్నాడు పది నిమిషాల్లో పోర్టల్లో ఇద్దరు గుమాస్తాలకి వాళ్ళ వాళ్ళ ఫోన్ నంబర్లతో సబ్ యూజర్లని పెట్టించింది. ఆ సదుపాయం ముందునుంచీ ఉందట. స్వామివారి సన్నిధిలో ఉన్నన్ని గంటలూ నా మూలానే లారీలు ఆగాయన్నమాట.

టీమ్‌ని ఆవిడ నడిపిన తీరు గురించి నాలుగు ముక్కలు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఇరవై నిమిషాల మీటింగు, ఒకే కాగితం. అయినవి, కానివి, నేను తేల్చాల్సినవి. తన పిల్లల్ని మా ముందు ఎప్పుడూ ఒక మాట అనలేదు. తిట్టాలంటే బయట వేపచెట్టు దాకా తీసుకెళ్ళేది, అక్కణ్ణుంచి చేతులూపడం మాత్రం కనిపించేది. బాబాయ్‌తో ఇంగ్లీషులో మాట్లాడనిచ్చేది కాదు. ‘మైగ్రేషన్’ అన్నాడొక రోజు డేటా అతను, "సామాను కొత్తింటికి మార్చడం అని చెప్పు" అంది. తెలియనిది తెలియదనేది. "చూసి రేపు చెప్తానండీ" అంటే రేపు చెప్పేది. ఇది చిన్న విషయమని మీరనుకుంటే మీరింకా సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పనిచేయలేదు.

ఇక తిట్లు.

రెండో దశకి తొమ్మిదిన్నర లక్షలు కట్టాం. పనులు నడుస్తుండగా జూన్లో ఆవిణ్ణి హైదరాబాద్‌లో ఏదో పెద్ద మందుల కంపెనీ పనికి మార్చేశారు. మాకు చెప్పింది ఈమెయిల్లో, మూడు లైన్లు. కొత్తగా వచ్చిన లీడ్ మంచివాడే కావచ్చు, ఎప్పుడూ వీడియోలోనే కనిపించాడు, వెనక ఉత్తుత్తి పుస్తకాల బీరువా బొమ్మ. మా కొట్టు చూడలేదు, స్టూలు చూడలేదు. శుక్రవారం కాగితం ఆగిపోయింది, దాని బదులు ఒక డ్యాష్‌బోర్డు లింకు వచ్చింది. అందులో అన్నీ పచ్చగా ఉండేవి.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, 22 నుంచి అమలు. మోటారు విడిభాగాలు 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టర్ సామాన్లు కొన్ని 18 నుంచి 5కి. పంతొమ్మిది రోజుల టైము. నిజం చెప్పాలి, అమ్మకం వైపు పని బాగా చేశారు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ల (పన్ను కోసం సరుకు రకాలకిచ్చిన నంబర్ల) వారీగా జాబితా తయారు చేసి, ఆదివారం రాత్రి మార్చి పెట్టారు. 22 సోమవారం, కొండ మీద అమ్మవారికి శరన్నవరాత్రులు మొదలైన రోజు, పొద్దున తొమ్మిదింటికి మా మొదటి బిల్లు 18తో వచ్చింది. పక్క కొట్లో మూడు రోజులు చేత్తో దిద్దుకున్నారు. ఆ రోజు మీసం మెలేశాను.

మీసం దిగడానికి రెండు వారాలు పట్టింది. మా వ్యాపారంలో సామాను వెనక్కి రావడం మామూలే. ఏలూరు పార్టీ ఒకాయన ఆగస్టులో కొన్న క్లచ్ సెట్లు సరిపోలేదని అక్టోబర్ మొదట్లో తిప్పి పంపాడు. సరుకు విలువ 12,400. అప్పుడు 28 శాతం లెక్కన పన్ను 3,472 వేశాం. అమ్మినప్పుడు ఏ రేటో, వెనక్కి తీసుకునేటప్పుడు ఇచ్చే వాపసు చీటీ, క్రెడిట్ నోటులోనూ ఆ రేటే ఉండాలి. మా మెషీను కొత్త రేటు వేసి 2,232 చూపించింది. 1,240 తేడా, ఆయన నెత్తిన. ఆడిటర్ గారు లెక్కల్లో పట్టుకునేసరికి అలాంటి క్రెడిట్ నోట్లు పదిహేడు వెళ్ళిపోయాయి. ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్లో రద్దు చేసుకోడానికి ఉండేది 24 గంటలే. ఒక్కో పార్టీకి ఫోన్ చేసి, సంజాయిషీ చెప్పి, సవరణలు పంపుకుంటూ మా దీపావళి నెల గడిచింది. ఏలూరాయన నాన్నగారి కాలం నాటి పార్టీ. "ఏంటి బాబూ, వెయ్యి రూపాయల దగ్గర మొదలెట్టావా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులెండి, నాకు మాత్రం అన్నం సయించలేదు.

వాళ్ళకి ఫోన్ చేస్తే పుస్తకాల బీరువా ముందు కూర్చున్నాయన, "రిటర్న్‌ల పరీక్ష స్కోపులో లేదు సార్" అన్నాడు, అంటే వెనక్కొచ్చే సామాను లెక్క పరీక్షించడం ఒప్పుకున్న పనుల్లో లేదని. విడిభాగాల కొట్టుకి సలహా చెప్పే మనిషి రిటర్న్ స్కోపులో లేదంటే ఏమనాలి? బ్రేకులు స్కోపులో లేని లారీ అమ్మినట్టుంది. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఎలా తెలిసిందో, ఆ ఆదివారం పాతావిడ ఫోన్ చేసింది. ఆఫీసు నంబరు కాదు, సొంత నంబరు నుంచి. సాకులు చెప్పలేదు. "నేను అప్పగించిన కాగితంలోనే రిటర్న్‌ల సంగతి లేదు సార్. మీ కౌంటర్ దగ్గర రోజూ చూశాను, నాకు అంత మామూలైపోయి రాయడం మర్చిపోయాను" అంది. కోపం సగం పోయింది, నష్టం అలాగే ఉంది. కంపెనీ వాళ్ళు రెండు నెలలు ఈమెయిళ్ళు నడిపి చివరి బిల్లులో నలభై వేలు తగ్గించారు. అడగ్గా అడగ్గా ఇచ్చింది కాబట్టి దానికి మార్కుల్లేవు.

ఇప్పుడెలా ఉందంటే: బిల్లు ఒకసారే కొడుతున్నాం. ఆ పని చేసిన ఇద్దరిలో ఒకమ్మాయి ఇప్పుడు బాకీల వసూలు చూస్తోంది, నాకంటే గట్టిది. మైనస్ నిల్వలు అప్పుడప్పుడు ఇంకా కనపడతాయి, గోడౌన్ కుర్రాళ్ళు చలానా లేకుండా సామాను ఇచ్చేసినప్పుడల్లా. దానికి ఏ సలహాదారుడి దగ్గరా మందు లేదు. వాట్సాప్ ఆర్డర్లు నేరుగా బిల్లులోకి వచ్చే ఏర్పాటు చేస్తామన్నారు, ఇంకా చేస్తూనే ఉన్నారు. ఎర్రట్ట నోటుబుక్కు బాబాయ్ మానలేదు, నేను మానమననూ లేదు.

ఎవరైనా ఇలాంటి టీమ్‌ని పెట్టుకోవాలనుకుంటే నా లెక్క ఇది. రెండు మూడు కోట్ల కొట్టుకి అక్కర్లేదు, మంచి ఆడిటరు, మంచి ట్యాలీ కుర్రాడు చాలు. బిల్లు రెండు మూడు చోట్ల కొడుతున్నవాళ్ళు, లేదా కంప్యూటరు పోతే కొట్టు ఆగిపోయేవాళ్ళు మొదటి దశ వరకు కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు. రెండో దశకి మాత్రం కళ్ళు తెరిచి సంతకం పెట్టండి. లీడ్ పేరు కాంట్రాక్టులో ఉండాలి, మారిస్తే నెల ముందు చెప్పాలి, మీ కొట్లో తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయో మీరే ఒక కాగితం రాసి పరీక్షల జాబితాకి అంటించాలి. మొదటి దశకి ఐదుకి ఐదు, రెండోదానికి రెండు. సగటు మీరే చూసుకోండి.

మార్చితో ఏడాది సపోర్టు కాంట్రాక్టు అయిపోతుంది. రెన్యువల్ కాగితంలో నేనొక లైను చేర్పించాను: ‘టీమ్ లీడ్ మారిన పక్షంలో, కొత్తగా వచ్చేవారు విజయవాడ కౌంటర్ వద్ద వారం రోజులు స్టూలు మీద కూర్చోవలెను.’ వాళ్ళ లీగల్ డిపార్ట్‌మెంట్ నుంచి పోయిన వారం జవాబొచ్చింది. ‘స్టూలు’ అన్న పదానికి నిర్వచనం ఇవ్వగలరు అని. చదివి వినిపిస్తే బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, స్టూలుని గుడ్డతో తుడిచి, ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశాడు. దాన్నే వాళ్ళకి పంపాను. ఇంకా జవాబు రాలేదు.